ఐదువందల దగ్గర

గాజుగదిలో కూర్చున్నాడు ఓజ్బెయ్.
నేను బయట, మీటల ముందు.
వినపడితే బొత్తాం నొక్కాలి, అంతే పని.
మారిబోర్‌లో పొద్దుటినుంచీ మంచు.
అతని బూట్ల కింద కరిగి చిన్న మడుగు.

పాత కాగితం నా దగ్గరుంది,
నిరుడు ఆగస్టులో గీసింది.
ఎముక దారిన వచ్చిన గీత పైనే ఉంది,
గాలి దారిన వచ్చింది మెట్లు జారి కింద పడింది.
రెండింటి మధ్య నలభై ఏడు డెసిబెల్స్ లోయ.
లోపలి చెవి మెలకువగానే ఉంది పాపం,
గుమ్మం దగ్గర కబురు మోసేవాడే లేడు.

ఒక తెల్లటి ముత్యం వాణ్ణి తినేసింది.
ముత్యమంటే ముత్యం కాదు,
దారి తప్పిన చర్మం.
తనమీద తనే పొరలు పేర్చుకుంటూ
పదకొండేళ్లు ఎముకను కొరికింది.
సుత్తి సగం మిగిలింది. దాగలి ఆనవాలే లేదు.
రికాబు ఒక్కటి కదలకుండా నిలబడి ఉందని
డాక్టర్ బ్రెడా ఆపరేషన్ కాగితంలో రాసి
కింద రెండు గీతలు గీసింది.

చెవి వెనక ఎముకంతా గదులు గదులు.
"తేనెపట్టు లాంటిదే" అని ఆమె చెబితే
అతను నవ్వలేదట.
"పట్టుకి పురుగు పడితే నేనూ అంతే,
మైనంతో సహా గోకేస్తాను.
ఆ తర్వాత ఈగలు ఉంటాయో పోతాయో
నా చేతిలో ఉండదు."

ఇప్పుడు ఆ ఖాళీలో
బియ్యపు గింజంత టైటానియం కడ్డీ,
దాని నెత్తిన అతని చెవినుంచే కోసిన మృదులాస్థి రేకు.
మూడెముకల సంసారాన్ని
ఒక్క అద్దెవాడు ఈదుకురావాలి.

రెండువందల యాభై. నొక్కాడు.
ఐదువందలు. నొక్కాడు, దొంగ దొరికినంత గబుక్కున.
వెయ్యి. కాసేపాగి.
నాలుగువేలు.
పెంచాను. ఇంకాస్త పెంచాను.
ఆఖరి బస్సు వెళ్లిపోయిందని తెలిసీ
స్టాపులో నిలబడ్డ మనిషి ముఖం.

లోయ ఇరవై రెండుకి పూడింది.
ఇరవై లోపుంటే విజయమని రాసుకుంటాం.
రెండు డెసిబెల్స్ తక్కువైన విజయానికి
పట్టికలో గడి లేదు.

బయటికొచ్చి కోటు తొడుక్కుంటూ చెప్పాడు:
చెంచా కప్పుకి తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయట.
మాటల్లో 'స'లన్నీ పొట్టు ఎగిరిపోయినట్టున్నాయట.
తెరేజియా ఇంకా ఎడమపక్కనే నడుస్తోందట.
"కుడివైపు రమ్మంటే తడబడుతుంది,
చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదంటుంది."

చలికాలం తేనెటీగల పెట్టెను
వేలితో తట్టి చెవి ఆనిస్తారు.
బుస్సుమని చప్పున ఆగితే రాణి ఉన్నట్టు,
ఏడుపులా సాగితే లేనట్టు.
పదకొండేళ్లు ఎడమచెవే ఆనించాడు.
నిన్న, కావాలని, కుడిది.

"ఏం వినిపించింది?" అడిగాను.
నేను నింపాల్సిన ఫారంలో లేదు ఆ ప్రశ్న.

"బుస్సుమంది.
ఆగిందా లేదా అన్నది మాత్రం
ఎడమచెవితో సరిచూసుకున్నాను"
అన్నాడు, కాపీ కొట్టి దొరికిన పిల్లాడిలా.

ఏడాదికి మళ్లీ తెరిచి చూడాలి.
ఆవగింజంత తెల్లపొర మిగిలినా
కథ మొదటికొస్తుంది.
తేదీ రాసిస్తే మడిచి టోపీ మడతలో దాచుకున్నాడు.
తలుపు దగ్గర ఆగి,
మే నెలలో కొత్త రాణి ఎలా పాడుతుందో
పెదాలు బిగించి పాడి చూపించాడు:
తూ... తూ, తూ, తూ.

అతను వెళ్లాక మీట తిప్పుతూ
ఆ స్వరాన్ని వెతికాను.
ఐదువందలకి కాస్త కింద దొరికింది.
అతని కుడిచెవి గబుక్కున అందుకున్న చోటే.

ఫోను తీశాను.
మళ్లీ పెట్టేశాను. మే రానీ.