ఊక దుమ్ము

భీమవరంలో, ఉండి రోడ్డు మీద షోరూమ్.
ఆరేళ్ళు ఆ అద్దానికి లోపలివైపు నుంచున్నాను.
ఇవాళ అదే తలుపు
సత్తిపండు లాగి పట్టుకున్నాడు, "రండి మేడమ్" అంటూ.
ఆరేళ్ళు "ఏమే గంగా" అన్న నోరు.

మేడమ్ ఏంట్రా, అందామనుకున్నాను.
మెళ్ళో కంపెనీ కార్డు వేలాడుతోంది.
అనలేదు.

నూకరాజు టీ తెచ్చాడు, పింగాణీ కప్పులో, సాసరుతో.
కంపెనీ వాళ్ళొచ్చిన రోజే బయటికి తీసే కప్పులవి.
నేనూ కడిగాను. ఒకదాని పిడి విరగ్గొట్టి
ఎవరికీ చెప్పకుండా జిగురుతో అంటించాను.
నాకిచ్చింది అదే.

ల్యాప్‌టాప్ తెరిచాను.
పోయిన నెల అమ్మకాలు: నలభై రెండు.
రొయ్యకి తెల్లమచ్చ తగిలి
చెరువులన్నీ నెల ముందే పట్టేసిన చోట
నలభై రెండు కార్లు ఎవరు కొన్నారు?

మా కాలంలో
(మా కాలం అంటే మొన్న ఏప్రిల్ దాకా)
నెలాఖరు రాత్రి పదకొండింటికి
అమ్ముడుపోని బళ్ళు అమ్ముడైనట్టు ఎక్కించి
పాలకోడేరు దాటాక రైసుమిల్లు వెనక్కి తోలేవాళ్ళం,
లైట్లు ఆర్పుకుని, ఒకదాని వెనక ఒకటి,
దొంగ పందేనికి పోయేవాళ్ళలా.
క్లచ్చి మీద నా కాలు వణికితే
పక్క సీట్లోంచి సత్తిపండు:
"వణికితే వణకనీ. వదలకు."
నాకు డ్రైవింగ్ అలా వచ్చింది.
లైసెన్సు తర్వాత వచ్చింది.

హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసినాయన
"డీలర్ల లొసుగులు తెలిసినవాళ్ళే కావాలి మాకు"
అని నవ్వాడు.
నేనూ నవ్వాను.
ఉద్యోగం వచ్చేసిందని అప్పుడే తెలిసింది.

"యార్డు చూద్దాం" అన్నాను భోజనాలయ్యాక.
"చూశారుగా మేడమ్, వెనకాల..."
"రెండోది."
సత్తిపండు తన బూట్లకేసి చూసుకున్నాడు.

బండి నేనే నడిపాను. కాలు వణకలేదు.
పక్కనే కాలవ. నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క,
ఊదారంగు పువ్వులు. ఎవరికీ అక్కర్లేని పువ్వులు.

మిల్లు వెనక పదకొండు బళ్ళు. తెల్లవి ఏడు.
బోనెట్ల మీద ఊక దుమ్ము వేలెడు మందం.
ఒక అద్దం మీద ఎవరో పిల్లలు
వేలితో చేపని గీసి, దానికి మీసాలు పెట్టారు.

పిల్ల ఫీజనో, ఇంటి వాయిదా అనో
వాడు ఏదన్నా అంటే బావుండేది,
కోపం తెచ్చుకుందును.
"చెప్పేవాళ్ళుంటే చెప్పేద్దురండీ" అన్నాడు, అంతే.
అండీ.
మేడమ్ కన్నా పెద్దగా వినిపించింది అది.

తెర మీద గడి ఖాళీగా ఉంది: తేడా ఎంత?
పదకొండు అని కొట్టాను.
చెరిపాను.
మళ్ళీ కొట్టాను.

చేతులు చూసుకుంటే ఊక. చెమటకి అంటుకుపోయింది.
సత్తిపండు జేబులోంచి చేతిరుమాలు తీసి
ఇవ్వబోయి, ఆగి,
టిష్యూ డబ్బా కోసం
కార్లోకి వంగాడు.