తపాలా పెట్టె నంబరు 412

బుర్మాకన్ వాళ్ల నాన్న పనిచేసిన చోటికి పేరు లేదు.
తపాలా పెట్టె నంబరు నాలుగు వందల పన్నెండు, అంతే.
పటంలో ఆ ఊరు లేదు.
ఊళ్లో మాత్రం మాస్కో చాక్లెట్లు దొరికేవి,
బడిలో పియానో ఉండేది.
కొండ కడుపులోని రాయిని పిండి చేసి
కావలసింది రైలెక్కించారు.
అక్కర్లేనిది ఏటి ఒడ్డున పోసి
పైన మూరెడు మట్టి కప్పారు.
పదమూడు గుట్టలు.
కప్పినవాడి దేశం తర్వాత పటంలోంచి పోయింది.
గుట్టలు పోలేదు.

ముళ్లకంచెను ఎవరో తూకానికి అమ్ముకున్నారు.
మూడు రెక్కల పసుపుపచ్చ బోర్డు
సగిన్‌బెక్ కోళ్లగూటికి తలుపయింది.
"కోళ్లు బాగానే ఉన్నాయి" అంటాడు,
ఎవరూ అడగకముందే.

ఆమెకు అరవై ఎనిమిది. ఒకప్పుడు కొలతల గదిలో సహాయకురాలు.
ఇప్పుడు ఉత్తరాలు రాస్తుంది.
బాధ్యత అనడానికి ఆమె కిర్గిజ్ భాషలో
జవాబులోంచే ఒక మాట పుట్టింది.
మనకూ ఉందిగా, జవాబుదారీ.
జాబుకీ జవాబుకీ మధ్య తేడా ఒక్క అక్షరం.
ఆ ఒక్క అక్షరం కోసం
పంతొమ్మిదేళ్లుగా స్టాంపులు అంటిస్తోంది.

మాస్కో రాసింది: ఏ నేల మీదున్నది ఆ నేలవారిదే.
అభినందనలు అని రాయలేదు గానీ
చదివితే అలాగే వినిపించింది.
బిష్కెక్ రాసింది: విషయం పరిశీలనలో ఉన్నది.
వియన్నా ఒక్కటే మందపాటి కాగితం మీద
మర్యాదగా రాసింది:
వ్యర్థాల భద్రతకు అంతిమ బాధ్యత రాజ్యానిదే.
ఏ రాజ్యానిదో వెనక ఉంటుందని పేజీ తిప్పింది.
వెనక తెలుపు.

ఇల్లు విడిపోయిన రోజున
ఓడల మీద వాదులాడుకున్నారు, ఎంబసీల మీద,
గోడ గడియారాల మీద కూడా.
తిలాపాపం తలా పిడికెడు అంటాం మనం.
ఈ పాపానికి దోసిలి పట్టినవాడు లేడు.

దిగువన, సరిహద్దుకు అవతల, ఓదిల్‌జాన్
ఆ ఏటినీళ్లతోనే పుచ్చపాదులు తడుపుతాడు.
అతని కూతురి పెళ్లికి బుర్మాకన్ గుడ్లు పట్టుకెళ్తే
చెక్‌పోస్టులో లెక్కపెట్టారు.
ముప్ఫై ఒకటి. ఒకటి ఎక్కువని తీసేసుకున్నారు.
వంతెన కింద పోతున్నదాన్ని
ఎవరూ వంగి చూడలేదు.

రాజధాని నుంచి లాయరు వచ్చింది, నుర్‌జాత్,
బూట్లకు మట్టి కాకుండా రాయి మీద నుంచి రాయి మీదకు.
"పక్క దేశానికి హాని చేయకూడదని నియమం ఉంది పెద్దమ్మా."
"మంచిది. ఎవరి మీద నడుస్తుంది?"
"హాని జరగాలి ముందు."
"కొండ జారాలన్నమాట."
"..."
"జారాక ఓదిల్‌జాన్ వాళ్లు ఎవర్ని అడుగుతారు?"
నుర్‌జాత్ పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది.
"మనల్ని."

బుర్మాకన్ నవ్వలేదు. లోపలికెళ్లి
నాన్న జీతం చీటీ తెచ్చింది, అరవై మూడు నాటిది.
ఊదా సిరా, గుండ్రటి ముద్ర,
పనిచేయించినవారు: తపాలా పెట్టె నంబరు 412.
"సంతకం ఎవరిదో తెలియదే" అంది లాయరు.
"పెట్టె ఉందిగా."

మర్నాడే ఆ పెట్టెకు ఉత్తరం వేసింది,
రిజిస్టర్డ్, రసీదు కోరుతూ.

మూడు నెలలకు తిరిగొచ్చింది.
చిరునామాదారు లేరు, అని ఎర్రముద్ర.
దాన్ని చించలేదు. ఫైలులో
మాస్కోకూ వియన్నాకూ మధ్య గుచ్చింది.
నాలుగిట్లో అబద్ధం చెప్పనిది ఇదొక్కటే, అనుకుంది.

గుట్టలో ఉన్న రేడియం సగానికి తరగడానికి
పదహారు వందల ఏళ్లట.
అప్పటికి ఏ ముద్రలుంటాయో, ఏ లిపులో.

మార్చిలో మంచు కరిగి వాలు మెత్తబడింది.
పదమూడో గుట్ట పైనున్న వాలులో
తను పాతిన కొయ్యమేకు దగ్గరకెళ్లి
చేత్తోనే కొలిచింది,
కొలతల గది మూసేశాక అలవాటైన పద్ధతి.
పోయినేడు రెండు జానలు.
ఈ ఏడు నాలుగూ, ఒక బొటనవేలూ.

నోట్‌బుక్కులో రాసుకుని
తేదీ కింద పేరు పెట్టింది,
పూర్తి పేరు, చిరునామాతో.