బ్యారియర్

పాలమూరుల ట్రైనింగు మూడో దినం.
ఏసీ పనిచేస్తలేదు. ప్రొజెక్టరు తెర మీద సాలీడొకటి
కోడు నడిమిట్ల నుంచి తాపీగ నడిచిపోయింది.

"ఒక్క పనిని అరవై నాలుగు కోర్లకు పంచండి" అన్నడు
విశాఖ నుంచి వచ్చిన సారు.
మిషిను ఈడ లేదు, యాడనో పుణెల ఉన్నదట.
మాకు కనవడేది నల్లటి డబ్బా ఒక్కటే.

పంచిన.
డిండి పరీవాకంల భూమి కింది నీళ్ల లెక్క,
తొమ్మిది గంటల లూపు
పదకొండు నిమిషాలకు దిగింది.
పక్క కుర్చీల మొగులయ్య
సప్పట్లు కొట్టబోయి ఆగిండు.

జవాబు తప్పు.
నడిపినప్పుడల్లా ఇంకో జవాబు.

సారు వంగి, ఒక్క లైను కింద వేలు పెట్టిండు:
"ఇక్కడ బ్యారియర్ లేదమ్మా.
ముందొచ్చినవాళ్ళు వెనకవాళ్ళ కోసం ఆగట్లేదు."

మా మేనత్త సవారమ్మ
రాయచూరు దిక్కు కాలువ పనులల్ల
ఇరవై ఏండ్లు తట్ట మోసింది.
ఎవరి గుంత వాళ్లదే, ఎవరి కొలత వాళ్లదే.
కానీ ఆ చివరి గుంతల బాలెంత
గడ్డపార దించేదాక
ఒక్కరూ సద్ది విప్పకపోయేది.
మేస్త్రి తిట్టేటోడు.
మూట ముడి మీద చెయ్యి పెట్టుకొని
ఊకెనే కూసునేటోళ్లు.

ఆ ఒక్క లైను రాసిన.
పద్నాలుగు నిమిషాలు.
"మూడు నిమిషాలు దండుగ" అని మొగులయ్య గొణిగిండు.

నమ్మకం కుదరక మళ్ల నడిపిన.
నల్లటి డబ్బాల చుక్క ఆడుతున్నది.
అరవై మూడు వచ్చినయి.
ఒకటి ఇంకా తొవ్వల ఉన్నది.