తల గురువారం, తోక శుక్రవారం

మా వైపు పశువుకి పేరు వెతకక్కర్లేదు,
పుట్టిన వారమే పేరు.
మంగళవారమైతే తీస్తిక్కి, శనివారమైతే లౌవిక్కి.
ఈ రాత్రి ఈనుతున్నది కెస్కిక్కి,
తొమ్మిదేళ్ళ కిందట ఒక బుధవారం
నా ఒళ్ళోనే కళ్ళు తెరిచింది.

బయట మైనస్ ఇరవై ఆరు.
మార్చి వచ్చిందని క్యాలెండరుకి తప్ప
ఫిన్లాండులో ఈ మూల ఎవరికీ తెలియదు.
కొట్టం కిటికీకి లోపలివైపు
ఆవుల ఊపిరే మంచై పేరుకుంది.
అక్క హిల్యా తాడు పట్టుకుంది.
నేను లాంతరు పట్టుకున్నాను.
అక్టోబరు నుంచి మా ఇంట్లో ఉంటున్న మౌనం
మా మధ్యనే నిలబడింది,
ఏ పనీ అందుకోని మూడో మనిషిలా.

అక్టోబరులో లారీ వచ్చింది.
ఐదు ఆవులు ఎక్కాయి.
సంతకం అక్కది, అప్పు ఇద్దరిదీ.
తెలిసి కూడా ఆ సాయంత్రం
ఐదు ఖాళీ గాళ్ళలోనూ గడ్డి వేశాను,
ఆమె చూడాలని.
చూసింది.
అప్పట్నుంచి మా మాటలు:
"ఉప్పు." "తలుపు." "పాలక్యాను."

పదకొండూ ముప్పావుకి
ముందుకాళ్ళు రెండూ కనిపించాయి.
గిట్టల మీద పచ్చటి మెత్తని పొర,
తల్లి కడుపు గీసుకోకుండా
దూడ తొడుక్కొచ్చిన మేజోళ్ళు.
వాటి మీద ముట్టె, ముట్టె పక్కన
వేలాడుతూ నాలుక, కాస్త నీలంగా.
"పట్టు," అంది అక్క.
లాంతరు మేకుకి తగిలించాను.
నొప్పి వస్తే లాగాలి,
నొప్పి ఆగితే ఆగాలి.
చిన్నప్పుడు ఒకే మంచుబండికి
కట్టెలు కట్టి లాగినవాళ్ళం,
చేతులకి ఆ లెక్క ఇంకా గుర్తుంది.

తల వచ్చింది. భుజాలు వచ్చాయి.
నడుము దగ్గర ఇరుక్కుంది.
సగం లోపల, సగం చలిలో,
అప్పుడే గోడ గడియారం
తీరిగ్గా పన్నెండు కొట్టింది.
పన్నెండో దెబ్బ తర్వాత ఎప్పుడో
ఒక్కసారిగా జారి, వేడి నీళ్ళతో సహా
మా ఇద్దరి మోకాళ్ళ మీద పడింది.

ఊపిరి లేదు.
అక్క గడ్డితో పక్కలు రుద్దింది,
నేను ముక్కులో పరక పెట్టి తిప్పాను.
లేదు.
ఇంకా లేదు.
తుమ్మింది!

అక్క తోక ఎత్తి చూసి
"పెయ్య," అంది.
కోడె అయితే ఆ లారీ దారే కదా.
ఎర్రటి పక్కలు, వెన్ను పొడవునా తెల్లటి చార,
ఎవరో పాలు ఒలకబోసుకుంటూ నడిచిపోయినట్టు.

"తోర్‌స్తిక్కి," అంది అక్క.
"పెర్యక్కి," అన్నాను.
"గురువారం పుట్టింది."
"పన్నెండు కొట్టాక పడింది. శుక్రవారం."
"తల గురువారం వచ్చింది.
పేరు పెట్టి పిలిస్తే తిరిగేది తలా, తోకా?"
"సగం పుట్టడం పుట్టడమేనా?"
"అయినా ఆ గడియారం పావుగంట ముందు."
"నెలకోసారి నువ్వు సరిచేస్తావుగా."
"చెయ్యలేదు."
"ఎప్పట్నుంచి?"
లాంతరు వత్తి వైపు చూస్తూ
"అక్టోబరు," అంది.

కెస్కిక్కి నాకుతూనే ఉంది, గరగరమని.
దూడ లేచింది. పడింది.
వెనక్కాళ్ళు ఒక దిక్కు, ముందుకాళ్ళు ఇంకో దిక్కు,
నాలుగు వారాల పేర్లూ తనవే అన్నట్టు లేచి,
పొదుగు వదిలేసి
అక్క మోచెయ్యి నోట పెట్టుకుని చీకింది.
అక్క చెయ్యి తీసుకోలేదు.
చాలాసేపు.

మర్నాడు ముర్రుపాలతో జున్ను చేశాను,
పొయ్యిలో పెట్టి, పైన ఎర్రగా కాలేదాకా.
గాటి మీది పలక ఇంకా ఖాళీ.
సుద్దముక్క మాత్రం అక్క జేబులో ఒకటి,
నా జేబులో ఒకటి.

ఒక చెంచా తిని
"ఉప్పు," అంది అక్క.
డబ్బా అందించబోయాను.
"ఎక్కువైంది," అంది,
ఇంకో చెంచా తీసుకుంటూ.