కరణం కాదు

ఇంటి సర్వేకొచ్చిన మాస్టారు
మా అరుగు మీద గొడుగు మడిచి
కులం? అని అడిగారు.
కరెన్, అంది నానమ్మ.
ఆయన మళ్లీ అడగలేదు.
"కరణం" అని గుండ్రంగా రాసి
మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఇసక మీద రొయ్యపొట్టు ఎండబెట్టే మనిషికి
కరణీకం వచ్చిందని
బారువ వీధంతా వారంపాటు నవ్వింది.

అప్పటిదాకా ఊళ్లో ఆమె పేరు బర్మా ముసిల్ది.
ఆ పిలుపే గొంతులో చేపముల్లు.
"బర్మాదాన్ని కాదొరే నాను.
బర్మావోలే మా ఊరు కాల్చీసినారు" అనేది,
మా యాసే,
మేం ఆగని చోట ఆగుతూ.

బసీన్ దగ్గర ధాన్యం మిల్లు.
ఊక ఎత్తే కూలీ, మా తాత బమ్మిడి లోకనాథం.
ఈ రేవులో ఓడెక్కినప్పుడు బమ్మిడోళ్ల కుర్రాడు,
ఆ రేవులో దిగేసరికి కొరంగీ.
తెలుగోళ్లందరికీ అక్కడ అదొక్కటే పేరు.
మిల్లు వెనక కాలువ, కాలువకి అవతల వాళ్ల పల్లె.
నడుముకి మగ్గం బిగించుకుని
కాళ్లు చాపి నేస్తోంది, పెళ్లికాని పిల్లలు తొడిగే
తెల్లటి పొడుగు చొక్కాలో.
పేరడిగాడు.
నా ఎ పా, అంది.
వాళ్లలో ప్రతి ఆడమనిషి పేరుకీ ముందు "నా" ఉంటుంది.
తాతకి వచ్చింది తెలుగొక్కటే.
ఆ మొదటి అక్షరం తనకే ఇచ్చిందనుకున్నాడు.
ఆయన పోయేదాకా
ఆ తప్పు దిద్దలేదు నానమ్మ.

జపానోడు వచ్చిన ఏడు దొరలు పారిపోయారు.
దొరల మనుషులని వీళ్ల పల్లెల మీద కత్తులు దిగాయి.
"దొర మాటిచ్చినాడు, మళ్లీ వొచ్చినాడు,
మళ్లీ ఎల్లిపోనాడు.
మాట మటుకు మా గుమ్మంకాడ వొగ్గీసినాడు."
స్వతంత్రం వచ్చి ఏడాది తిరిగిందో లేదో
ఇన్సీన్‌లో తుపాకులు.
వాళ్లన్న తూరుపు కొండలెక్కాడు.
మరి దిగలేదు.
రేడియోలో రంగూన్ మాట వినబడితే
నానమ్మ లేచి రేడియో కట్టేసేది.

అరవై నాలుగులో కొరంగీలని పొమ్మన్నారు.
ఒక ట్రంకుపెట్టె, ముగ్గురు పిల్లలు, విశాఖపట్నం ఓడ.
అక్కడ తాత పరాయివాడు, ఇక్కడ ఆమె.
వంతులు మారాయంతే.

"దేవుడు మాకో పుస్తకం ఇచ్చినాడంట.
పోడు కొడతా మా పెద్దోడు
దాన్ని మోడు మీద పెట్టి మర్సిపోనాడంట.
వానకి నాని, కోళ్లు గీకీసినాయంట.
అందికే గుంటడా,
మా పేర్లు ఎవులెవులో రాస్తారు."

మందస సంతలో వెదురు కొమ్ములు అమ్మే సవర ఆమె
ఓసారి నానమ్మ మొహం కేసి చాలాసేపు చూసి
నీదే కొండ, అని అడిగింది.
నానమ్మ మహేంద్రగిరికి వీపు తిప్పి
సముద్రం వైపు వేలు చూపించింది.
ఆమె తలూపి
ఇంకో రెండు కొమ్ములు బుట్టలో వేసింది.

ప్రాణం బెదిరితే ఎక్కడో దారిలో నిలబడిపోతుందట.
మణికట్టుకి తెల్లదారం కట్టి, పేరు పెట్టి
ఇంటికి రమ్మని పిలవాలట.
శ్రావణంలో పొందూరు నూలు తెచ్చి
మా అందరికీ కట్టేది.
ఆమెకి కట్టే పెద్దలు ఈ ఒడ్డున లేరు.
చివర్లో
కుడిచేతికి ఎడమచేత్తో చుట్టుకుని,
ఉన్న నాలుగు పళ్లతో ముడి బిగించుకునేది.
పళ్ల మధ్య దారం ఉండగానే
లోపల్లోపల ఏదో పేరు పిలిచేది.
నాకు "నా" వరకే వినపడేది.