ముఖంరేకు

మూడు నెలలు చెక్క మీద మేకులకి వేలాడి పాడింది
ముఖం లేకుండా.
వైర్లు బయటికి, టంకం చుక్కలు బయటికి.
చెయ్యి తగిలితే స్వరం జారిపోయేది,
ఫ్యాను వేస్తే వణికేది.
పర్లాకిమిడిలో యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు నాది.
పగలంతా మేళాలవాళ్ల కాలిన స్పీకర్లు,
రాత్రి పది దాటాక ఇది.

ముందు అట్ట కోశాను,
ఎవరిదో శుభలేఖ, గట్టిది.
ఎత్తు నూట ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు,
వెడల్పు ఐదు పాయింట్ సున్నా ఎనిమిది చొప్పున.
ఎవరు పెట్టారో ఈ లెక్క,
మా ఊళ్లో ఏ స్కేలు మీదా ఆ గీత లేదు.
కన్నాలు వధువు పేరు మీద పడ్డాయి.
రెండు గుండీల మధ్య నా బొటనవేలు దూరలేదు.
మళ్లీ కోశాను, ఈసారి వరుడి వైపు.

నంబరు ప్లేట్ల తవిటినాయుడు ఇచ్చిన రేకు పలచన.
జాక్ గుచ్చితే
తిండిలేని డొక్కలా లోపలికి పోయింది.
"బండికైతే సాల్తాది.
పొడిసేదానికి రెండు మిల్లీలుండాల బాబూ"
అని బరంపురం నించి తెప్పించాడు.
వారం పట్టింది.

మైదా జిగురుతో కాగితం అంటించి
పంచితో చుక్కలు కొట్టి
ముందు మూడు, తర్వాత ఐదు, ఆ తర్వాతే ఏడు.
తిన్నగా ఏడుకి పోతే
రేకు డ్రిల్లుని కరిచి చేతిలోంచి లాక్కుంటుంది.
నా ఎడమ చూపుడువేలి మీద ఆ సంగతి రాసి ఉంది.
మూల కన్నాలు మాత్రం గుండ్రంగా కాదు,
కోడిగుడ్డు ఆకారం:
కొలత తప్పేవాడి కోసం వదిలిన చోటు.

ఐనా నడిమి కన్నం ఒకటి మిల్లీమీటరు పక్కకి పోయింది.
దైతారి మహారణా నవ్వాడు.
దున్నకొమ్ముతో కొంగల్ని చేసే చేతులతో
నాకు గుండీలు తిప్పుతున్నాడు,
కొట్టంతా వెంట్రుకలు కాలిన వాసన.
గుండీ కొంచెం పెద్దది చేస్తే
దాని కింద ఏముందో ఎవడు చూస్తాడన్నాడు ఒడియాలో.
మూడు నలుపువి, ఒకటి తేనెరంగుది.
తేనెరంగుది తప్పు మీద.

ఇక అక్షరాలు.
బస్టాండు దగ్గర గిన్నెల కొట్టు ముందు
పేర్లు చెక్కుతుంది లోలాక్షి.
ముప్పై ఏళ్లుగా ఆమె మొదటి ప్రశ్న: ఎవరు, ఎవరికి?
తెలుగా, ఒడియానా అన్నది రెండోది.
నేను ఇంగ్లీషు మాటల చీటీ ఇచ్చాను.
మడిచి కొంగున కట్టుకుంది.
"రాయడం సరే. తిప్పితే ఏటవుద్ది?"

చీకటిపడ్డాక వచ్చింది, చెప్పులు బయట వదిలి.
ఒక్కో గుండీ తనే తిప్పింది,
బియ్యంలో రాయి వెతికే వేళ్లతో.
"ఇది సన్నం, లావు.
ఇది గొంతులో కఫం.
ఇదీ... కరెంటు తగ్గితే నా మిషను ఇలాగే మూలుగుతాది."
దాని కింద ఒడియాలో చెక్కింది, ధీరే అని.
తేనెరంగు గుండీ రెండుసార్లు తిప్పి
ఏమీ రాయకుండా వదిలేసింది.
"ఇదింకా ఇనాల."

పాత హార్మోనియం పెట్టెలో పట్టాలు వేశాను.
నాలుగు మరలూ వదులుగా ఎక్కించి
ఐమూలగా బిగించాను.
పక్కన రెండు వేళ్ల సందు మిగిలింది,
ఆ రాత్రే బొద్దింక కాపురం పెట్టింది.

సందుకి సరిపడా వట్టి రేకు కోసి
లోలాక్షి బల్ల మీద పెట్టి టీకి వెళ్లాను,
అంచులు అరగదీయాలి కదా అని.
వచ్చేసరికి చెక్కేసింది, అడక్కుండా,
చుక్కలు చుక్కల అక్షరాలు:
లోలాక్షి ఇచ్చినది.
ఎవరికి అన్న చోట
గీత మొదలై ఆగిపోయింది.
డబ్బులు తియ్యబోతే
"కన్నం లేనిదానికి ఏటి తీసుకుంటాం" అంది,
అవతలి ఆడమనిషి బిందె అందుకుంటూ.

కొట్లో కూర్చుని ఆ రేకు బిగించాను, కరెంటు ఆపకుండానే.
పట్టాని తాకగానే
స్పీకరులో టక్కుమంది.