షెడ్డులో ఆరో రోజు

వేడినీళ్ల రబ్బరు సంచీ
రాత్రి పదింటికి పాదాల దగ్గర,
రెండింటికి కడుపు మీద,
నాలుగయ్యేసరికి అది నాకన్నా చల్లన.
అక్కణ్ణించి దాన్ని నేనే వెచ్చబెట్టాలి.

బయట వాన, పలకరాళ్ల మీద.
ఈ వేల్స్ కొండ ఊళ్లో పైకప్పులు పలకలే, కంచెలు పలకలే,
చచ్చాక పేరు చెక్కేదీ పలక మీదే.
లోపల గెథిన్ విప్పి మళ్లీ బిగించని నాలుగు సైకిళ్లు,
గ్రీజు వాసన, గొర్రెల మందు డబ్బా,
వాటి మధ్య మడతమంచం,
మంచం మీద గుడారం.
గుడారం ఆలోచన మా మరదలు లౌరిది.
కప్పు కింద మళ్లీ గుడారమేమిటే అని
మొదటి రోజు నవ్వాను.
రెండో రాత్రి నుంచి నవ్వలేదు.
మనిషి ఊపిరి ఎంత వేడిదో
చోటు ఇరుకైతే తప్ప తెలీదు.

హీటరు పెడితే ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది.
తలుపు సందులోంచి పాకి వచ్చిన తీగ
ఒక్క బల్బుని మోయగలదు, అంతే.
దాని కింద రెండు చేతులూ పెట్టుకుని కూచుంటాను
గుడ్లు పొదుగుతున్నట్టు.

బాంగర్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే డ్యూటీ నాది.
యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చేవి, వందలకి వందలు,
ఉడికిపోతున్నాం తల్లీ, కిటికీ తెరవండని తిట్టుకునేవాళ్లం.
ఇప్పుడు నాలుగున్నాయి.
నాలుగూ రాత్రి లేచి లెక్కపెట్టుకుంటాను.

పొద్దున ఏడింటికి కాది బూట్ల చప్పుడు.
గడప మీద ఓట్ల జావ,
కోటు జేబుల్లో వేసుకోవడానికి ఉడికిన బంగాళాదుంపలు రెండు,
ఎడమకొకటి, కుడికొకటి.
పదకొండింటిదాకా అవే నా కుంపట్లు.
ఆ తర్వాత ఉప్పద్దుకుని తినేస్తాను.
"అత్తా! జేబులు తినేశావా?"
పెరటి అవతల నుంచి అరుస్తుంది ఆరేళ్లది.
సగం మాటలు గాలి కొండకి పట్టుకుపోతుంది.

నాలుగింటికే చీకటి.
వంటింటి కిటికీ పచ్చగా వెలుగుతుంది.
సింకు దగ్గర గెథిన్, చొక్కా చేతులు మడిచి.
జనవరిలో, చొక్కా చేతులు మడిచి!
నాకన్నా పదకొండు నిమిషాలు చిన్నవాడు.
అమ్మ కడుపులో చోటంతా నేనే ఆక్రమించానని
యాభై రెండేళ్లుగా దెప్పుతున్నాడు.

పూటపూటా వేసుకునే మాత్రలు
వాడి ఒంట్లో కాపలావాణ్ణి జోకొడతాయి.
వాడు మేలుకుంటే ఎవరివే నువ్వని
లోపల కూచున్నదాన్ని తరిమేస్తాడు.
కాపలా నిద్రపోయే ఇంట్లోకి
ఆసుపత్రి గాలి మోసుకుని ఎలా వెళ్లను?
అందుకని ఈ పది రోజులు.

లోపల కూచున్నది నాదే.
ఒక పిడికెడు.
మూడేళ్ల కిందటే వెళ్లింది,
తలుపు తట్టకుండా, షెడ్డులో ఆగకుండా.
వాడి పొత్తికడుపులో కుడివైపున
వాడు తాగే టీ అంతా వడగడుతూ
హాయిగా ఉంది ముదనష్టపుది.
మిగతా నేను ఇక్కడ
చలికి నడుం మీద మచ్చ సలుపుతూ,
మునగదీసుకుని.

ఇందాక కెటిల్ తెచ్చి గడప మీద పెట్టి
పదడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.
"ఎలా ఉన్నావే మెరెరిద్?"
"నన్నెందుకు, దాన్నడుగు."
చొక్కా మీద చెయ్యి వేసుకుని
విన్నట్టు తల వంచాడు.
"బయట చలిగా ఉంది, ఇంట్లోకి పదమంటోంది."
"వెళ్లు మరి."
వెళ్లాడు. తలుపు వేసిన చప్పుడు.

సంచీలోకి నీళ్లు వంపుతుంటే
ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి.
కిటికీ లేదు, సైకిళ్లు లేవు.
ఇంకా నాలుగు రాత్రులు.
తుడుచుకోకుండా
కాసేపు అలాగే ఉన్నాను.